తెలియక చేసిన కీడు

గడచిన సంవత్సరము నా చిన్ననాటి స్నేహితుని కుమార్తె రెండు దినములు మా యింట బసచేసెను. ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగు బిడ్డ. నన్ను పెదనాన్నగారూ అని పిలుచును. ఆమెకు సీలియాక్ వ్యాధి కలదు. గోధుమ, బార్లీ, రై ధాన్యములలో నుండు గ్లూటెన్ అను మాంసకృత్తు కడుపులో పడినయెడల, ఆమె శరీరపు రక్షణశక్తి తన చిన్నప్రేగు లోపలి పొరపైననే దాడి చేయును. ఇది తెలిసియే నా భార్య చపాతీలు మాని, అన్నము, పప్పు, పులుసు వండెను. ఆ బిడ్డ వెళ్లిన వారమునకు ఉత్తరము వచ్చెను. మా యింట భోజనము చేసిన మొదటి రాత్రినుండియే కడుపునొప్పి, విరేచనములు, లేవలేని నీరసము పట్టుకొనెనట. చివర ఇట్లు వ్రాసెను: "పెదనాన్నగారూ, మీరేమియు అనుకొననియెడల, పెద్దమ్మగారి ఇంగువ డబ్బాపై నున్నది ఒకసారి చదివి చూడండి."

చదివితిని. బజారులో దొరకు పొడి ఇంగువలో అసలు ఇంగువ కొద్దిపాటిదే. తక్కినది జిగురును పిండియు. మా డబ్బాలోనిది గోధుమపిండి. అన్నము తిను తెలుగువాని వంటింట గోధుమ పోపులో దాగియుండునని ఏబదియేండ్లు దాటిన నాకు ఆ దినమున తెలిసెను.

నా నోట మొదట వచ్చిన మాట, "మనకు తెలియదు గదా!" అది నిజమే. అయితే నిజమైనంత మాత్రమున చాలునా?

లేవీయకాండము నాలుగవ అధ్యాయములో మన తెలుగు బైబిలు "పొరబాటున" అని చెప్పుచోట హెబ్రీ మూలములో శెగాగా అను పదమున్నది. దాని ధాతువునకు త్రోవ తప్పుట అని యర్థము. నేను అనువాదకుడనై పలుమారులు ఆ మాటను దాటిపోయితిని. అది నన్ను ఆపలేదు. అక్కడ ధర్మశాస్త్రము పొరబాటు చేసినవానిని నిర్దోషియని పంపివేయదు, బుద్ధిపూర్వకముగా చేసినవానితో కలిపి తీర్పు తీర్చదు. అర్పణ తెమ్మనును. పరిశుద్ధ వస్తువుల విషయమున పొరబాటు జరిగినయెడల, కలిగిన నష్టమునకు అయిదవ వంతు కలిపి ఇమ్మనును. ద్వితీయోపదేశకాండము 19లో గొడ్డలి పిడి ఊడి పొరుగువానిని చంపిన మనుష్యునికి ఆశ్రయపురము కలదు. అతడు హంతకుడు కాడు. అయినను ఏమియు జరుగనట్టు ఆ సాయంకాలము తన యింట భోజనమునకు కూర్చుండలేడు. "ఉద్దేశము మంచిది గనుక తప్పులేదు" అను మన వాడుక మాటకు ఇక్కడ చోటు కనబడదు. ఉద్దేశము శిక్షను తగ్గించునుగాని, అవతలివాని గాయమును మాన్పదు.

ఇట్లనుటవలన తెలియనివారినందరిని దోషులుగా నిలువబెట్టుట నా తాత్పర్యము కాదు. నెదర్లాండ్సు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డిక్కె, ఈ వ్యాధికి గోధుమ కారణమని రెండవ ప్రపంచయుద్ధమునకు ముందే అనుమానించెను. 1944-45 చలికాలపు కరువు ఆ యనుమానమును బలపరచెను. 1950లో ఊట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతగ్రంథములో దానిని నిరూపించెను. అంతకు పూర్వము ఎందరు తల్లులు, క్షీణించుచున్న బిడ్డకు బలము కలుగునని, తమ చేతులతో రొట్టె తినిపించిరో! వారిమీద రాయి వేయువాడెవడు? అయితే 1950 తరువాత తెలిసిన తల్లి మరల ఆ రొట్టెను పెట్టదు. తెలిసిన క్షణమునుండి మన బాధ్యత మారిపోవును. డబ్బా చదివిన తరువాత నేను మునుపటి మనుష్యుడను కాను.

ఆ బిడ్డ తట్టు కూడ ఒక ప్రశ్న యున్నది. ఆమె మా బల్లయొద్దనే ఇంగువ సంగతి ఎందుకు అడుగలేదు? తరువాత ఫోనులో ఇదే అడిగితిని. వడ్డించినది విచారింపక తినవలెనని ఆదివారపుబడిలో నేర్చుకొంటిననెను. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదియవ అధ్యాయమును ఆమె తలంచినది. కాని పౌలు అక్కడ మాటలాడినది విగ్రహార్పితమును గూర్చిన మనస్సాక్షి విషయము. చిన్నప్రేగు విషయము కాదు. రోగి అడుగుట అమర్యాద కాదు, ఆతిథ్యమిచ్చువానికి అది మేలు. అంతేకాదు, నొప్పి దాచుకొని చిరునవ్వు నవ్వియుండినయెడల, మేము మరియొక అతిథికి అదే పులుసు పోసియుందుము. ఆమె ఉత్తరము వ్రాయుటకు వారము పట్టినది. ఆ వారమంతయు తన అజాగ్రత్తయే యని తన్ను తాను నిందించుకొనెనట. మింగినదానిని వెనుకకు తీయు మందు లేదు. నీళ్లు త్రాగి, విశ్రమించి, తేలికయైన అన్నము తిని, బాధ తగ్గనియెడల వైద్యుని చూడవలసినదే. పథ్యము మరల పట్టినయెడల ప్రేగు క్రమముగా మానును. ఆ నిందకు మాత్రము వైద్యశాస్త్రములో పథ్యము లేదు. ఒకసారి తప్పిపోయినది గనుక ఇక పథ్యమేల అను నిరాశకు అది త్రోవ తీయును. భక్తిజీవితములో కూడ మనమెరిగిన త్రోవయే అది.

ఇప్పుడు ప్రభువు బల్లకు వత్తును. ప్రతి నెల ఆమె ఆ రొట్టె ముక్కను చేతపట్టుకొని తినకుండ కూర్చుండునట. రోమను సంఘము 2017లో వెలువరించిన లేఖలో, గ్లూటెన్ బొత్తిగా లేని అప్పము చెల్లదనియు, కొద్దిగా నున్నది చెల్లుననియు మరల తెలిపెను. మన సంఘములలో చాలవాటికి అట్టి కట్టడ లేదు, ఉన్నది అలవాటు. గలిలయలో జనసమూహమునకు పంచిన రొట్టెలు యవలవి, అవియు ఆ బిడ్డకు పనికిరావు. బియ్యపుపిండితో రొట్టె చేయించిన చాలునని తలంచినను, అదే పళ్లెములో పెట్టినయెడల గోధుమ రజను అంటును. రొట్టెను గిన్నెలో ముంచు చోట ఆ రజను గిన్నెలోనికి దిగును. గ్లూటెన్ రహితమని చెప్పుటకు అంతర్జాతీయ ఆహార ప్రమాణము కిలోకు 20 మిల్లీగ్రాములు దాటరాదనును. అందుచేత వేరు పళ్లెము, వేరు గిన్నె. మా సంఘములో ఈ సంగతి ఎత్తినప్పుడు ఒక పెద్ద, "ఒక్కరికొరకా?" అనెను. కొత్త యింటి పైకప్పుకు పిట్టగోడ కట్టుమన్న ఆజ్ఞను అతనికి చూపితిని. ఎంతమంది పడుదురో లెక్కించి గోడ కట్టుమని అక్కడ లేదు. అతడు కొంతసేపు మౌనముగా నుండి, పళ్లెము ఖరీదు అడిగెను.

క్రిస్మసుకు ఆ బిడ్డ మరల వచ్చినప్పుడు నా భార్య వెల్లుల్లి పోపు వేసెను. ఇంగువ డబ్బాను పారవేయలేదు, మాకు అది కావలెను. దానిపై ఎర్ర సిరాతో "గోధుమ" అని వ్రాసి పై అరలో పెట్టినది.