అరచెయ్యి ఆట

టెక్కలిలో మా టీచర్లకి నాటక శిక్షణ పెట్టారు. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెప్పిన ఉద్దానం మనుషులకి ఆటలు ఒకరు నేర్పాలా అనుకుంటూనే వెళ్లాను.

మొదటిది అరచెయ్యి ఆట. ఒకరు అరచెయ్యి చాపితే ఎదుటివాడు ముఖాన్ని దానికి జానెడు దూరంలో ఉంచి, అది ఎటు పోతే అటు పోవాలి. బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోవాల్ ఆడించిన ఆట. నా జోడీ పెద్ద కులపాయన. చెయ్యి నేలకి దించాడు. ఎంత సులువుగా వంగిపోయానో! డిగ్రీ, బీయెడ్డు, సర్కారు ఉద్యోగం... ఇవేవీ నా నడుముకి తెలియవు కాబోలు. అందరూ చప్పట్లు కొట్టారు. నా వంతు వచ్చింది. నా చెయ్యి ఆయన గుండెల కిందికి దిగనే లేదు. ఈల వేస్తే ఆయన ఆట అయిపోయింది. నాది?

రాత్రి అమ్మకి చెప్పాను. పలాసలో జీడిపిక్కలు కొట్టి, ఆ చమురుకి నల్లబడ్డ చేతులు ఆమెవి.

"ఆ సెయ్యిలో ఏటుందని వొంగినావురా?" అంది.

బోవాల్ ఫోరం నాటకంలో ఒక నియమం ఉంది. చూసేవాడు లేచి అణిగినవాడి పాత్రలోకే రావాలి. అణిచేవాణ్ణి మంచివాడిగా మార్చేస్తే అది మంత్రం వేసినట్టే. సబబే. కానీ అన్యాయం వాళ్లది, రిహార్సలు మనదా? ఎన్ని తరాలు? కోపం ఇంకా ఉంది. అలాగని వాళ్లు మారేదాకా నా నడుము ఆగుతుందా?

బళ్లో పిల్లలతో ఆ ఆటే ఆడించాను, ఒక్క మాట కలిపి: వంగేవాళ్లు ఎప్పుడైనా "చాలు" అనొచ్చు. రెండ్రోజులు ఎవరూ అనలేదు. మూడో రోజు ఒక పిల్ల అంది, నా చేతికే.