ఆ ఆదివారం నేను చెప్పిన సాక్ష్యం



కిందటి ఏప్రిల్‌లో బెంటన్‌విల్ నుంచి రెండు కుటుంబాలం కొలరాడో కొండలకు వెళ్లాం. తిరిగొచ్చిన ఆదివారం కూడికలో లేచి, "మా కళ్ల ముందే మంచు చరియ జారింది, దేవుడు కాపాడాడు" అని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. అందులో సగమే చెప్పాను.

ఏప్రిల్ మంచు జనవరి మంచులాంటిది కాదు. రాత్రి గడ్డకట్టి పొద్దున రాయిలా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ కరిగిన నీరు లోపలికి దిగి పొరల మధ్య పట్టు సడలుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో మరీ ప్రమాదం. అందుకే తెలిసినవాళ్లు తెల్లవారుజామునే ఎక్కి, ఎండ ముదరకముందే దిగిపోతారు. కొలరాడో అవలాంచ్ సమాచార కేంద్రం హెచ్చరికను ఆ పొద్దున నేను ఫోన్‌లో చదివాను కూడా. పిల్లలు లేచేసరికి ఆలస్యమైంది. ఇంత దూరం డ్రైవ్ చేసి వచ్చాం కదా అని, ఒంటిగంటకు అందరినీ బయలుదేరదీశాను. మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నాయి. కాళ్లు మోకాళ్లదాకా దిగబడుతున్నాయి. వెనక్కి వెళ్దామన్న స్నేహితుడితో, "ప్రార్థన చేసుకునే వచ్చాం కదన్నా" అన్నాను.

మత్తయి 4వ అధ్యాయంలో, దేవాలయ శిఖరం మీద యేసు కాదన్నది ఇదే. టెస్ట్ చేయని కోడ్‌ని శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో పెడితే, ఏమీ కాకపోయినా అది మంచి పని కాదు. (కొందరు మేనేజర్లు మెచ్చుకుంటారనుకోండి.) దేవుడు కాపాడాడన్నది అబద్ధం కాదు. ఎవరి చేతిలోంచి కాపాడాడో నేను చెప్పలేదు.

మంచులో పూడినవాళ్లు బతికే అవకాశం 15 నిమిషాలు దాటితే వేగంగా పడిపోతుంది. మమ్మల్ని వెతకాలంటే అదే వాలు మీదికి ఎవరో రావాలి. కొలరాడోలో అలా వచ్చేది ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే. వాళ్లకూ పిల్లలుంటారు. ఒకరి కోరిక బరువు ఇంకొకరు మోయడం మంచుకొండల్లో కొత్తేమీ కాదు. 2014 మే 25న మన మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కితే పండగ చేసుకున్నాం. అదే ఏడాది ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబు ఐస్‌ఫాల్‌లో మంచు విరిగిపడి 16 మంది నేపాలీలు పోయారు. ఇతరులు ఎక్కడానికి దారి సిద్ధం చేస్తూ, సామాన్లు మోస్తూ పోయారు. వాళ్లు మనకు గుర్తున్నారా?

ఆ స్నేహితుడు ఆ ఆదివారం నా పక్కనే కూర్చున్నాడు. స్తోత్రం అనలేదని తర్వాత గుర్తొచ్చింది. మొన్న ఫోన్ చేసి క్షమించమన్నాను. కాసేపు మాట్లాడలేదు. "నేనే గట్టిగా ఆపాల్సింది తమ్ముడూ. ప్రార్థన అనేసరికి నోరు రాలేదు" అన్నాడు.