ఎదుటివారి మనసు



ఆ మధ్య దివ్యబలిపూజ అయ్యాక మన యువజన సంఘంలోని ఒక అబ్బాయి పుస్తకం ఒకటి పట్టుకుని వచ్చాడు. బస్టాండులో కొన్నాడట. ఎదుటివారి చూపు, చేతులు, కూర్చునే తీరు గమనించి వారి మనసులో ఏముందో కనిపెట్టడం ఎలాగో అందులో రాశారు. "ఫాదర్ గారూ, ఇది నేర్చుకోవచ్చా, పాపమా?" అని అడిగాడు. నాలుగు పేజీలు తిరగేశాను. చేతులు కట్టుకుని కూర్చున్నవాడు ఏదో దాస్తున్నాడని ఉంది. మన గుడిలో మగవారి వైపు సగం మంది నా ప్రసంగం అలాగే చేతులు కట్టుకుని వింటారు. అంతమంది అన్ని రహస్యాలు మోస్తున్నారంటే నమ్మకం కుదరలేదు. నవ్వి పుస్తకం ఇచ్చేశాను గాని, అతని ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటాను.

పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు పునీత తోమాసు అక్వినాసు వారి గ్రంథంలో ఒక ప్రశ్న ఎదురైంది. మనుషుల మనసులోని ఆలోచనలు దేవదూతలకు తెలుస్తాయా? తెలియవు అంటారాయన. నాడి చూసి వైద్యుడు రోగి మనసులోని కలతను పసిగట్టినట్టు, పైకి కనిపించే గుర్తులను బట్టి వారు ఊహించగలరు, మనకంటే ఎంతో చక్కగా ఊహించగలరు. అంతే. ఒక మనిషి తన ఇష్టపూర్వకంగా లోలోపల ఏమి తలపోస్తున్నాడో దేవునికి, ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆర్స్ గ్రామ విచారణ గురువు పునీత జాన్ మరియ వియాన్నీ వంటి కొందరికి హృదయాలు తెలుసుకునే వరం ఉండేదని చెబుతారు. అది వరమే గాని, పుస్తకం చూసి నేర్చిన విద్య కాదు.

అదే గ్రంథంలో మరోచోట అనుమానం ఎక్కడ పుడుతుందో చెప్పారు. మనలో చెడు ఉంటే ఇతరులలోనూ అదే ఉందనుకుంటాం. ఒకరంటే మనకు గిట్టకపోతే చిన్న ఆనవాలు చాలు, వారిని గురించి చెడుగా తలుస్తాం. ఇక మూడవది, అనుభవం. లోకాన్ని చాలాకాలం చూసిన ముసలివారికి అనుమానం ఎక్కువట. ఇరవై రెండేళ్ళ వయసులో ఈ మూడవ మాట పరీక్ష కోసం బట్టీ పట్టాను. యాభై దాటాక అది నా గురించేనని తెలిసింది.

నేను ఇంతకుముందు సేవచేసిన ఒక సముద్రతీర విచారణలో జరిగిన సంగతి చెబుతాను. ఆ ఊరు పేరు చెప్పను. ఇది పాపసంకీర్తనంలో విన్నది కాదు, ఇంటి అరుగు మీద విన్నది. రాయడానికి ఆ అమ్మ అనుమతి కూడా ఉంది.

అక్కడ మరియమాత పండుగనాడు తేరుకు మొదటి పూలదండ వేసేది ఎప్పుడూ ఒకే కుటుంబం. నేను వెళ్ళాక, అందరికీ అవకాశం ఉండాలని చీటీలు వేయించాను. దండ వేరే ఇంటికి పోయింది. ఆ పండుగ అయిన నెలలోపే, ఆ కుటుంబంలోని పెద్దావిడ దివ్య సత్ప్రసాదం స్వీకరించడం మానేసింది. ప్రతి ఆదివారం వస్తుంది, మూడవ వరుసలో తల వంచుకుని కూర్చుంటుంది, అందరూ లేచినా లేవదు. నాకు ఇట్టే అర్థమైపోయింది. దండ కోపం!

ఒకసారి నిశ్చయించుకున్నాక ప్రతిదీ దానికి సాక్ష్యమే. ఎదురుపడితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకునేది. ముఖం చూపడం కూడా ఇష్టం లేదన్నమాట అనుకున్నాను. పలకరిస్తే ఒక్క మాటతో సరిపెట్టేది. పొగరు అనుకున్నాను. చివరకు ఒక ఆదివారం, సహోదరునితో సమాధానపడకుండా కానుక తెచ్చేవారి గురించి ప్రసంగం చేసి, రెండు మూడుసార్లు మూడవ వరుస వైపు చూశాను కూడా. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మందు పనిచేసిందని సంతోషించాను. ప్రియ పాఠకులారా, ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పాస్కా పండుగ తరువాత ఇళ్ళు ఆశీర్వదించడానికి వెళ్ళినప్పుడు ఆ ఇంటికీ వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని చల్లారిన గంజి కొద్దికొద్దిగా తాగుతోంది. ఏమనిపించిందో, అడిగేశాను. "అమ్మా, నా మీద కోపమా?"

ఆవిడ నిర్ఘాంతపోయింది. "మీ మీద కోపమేటి బాబూ!" అంది.

ఆ తీరంలో చాలామంది ఆడవారికి, చుట్ట నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. ఆవిడకూ చిన్నప్పటి నుంచి ఉంది. అంగిలి మీద పుండు లేచింది. పొడి అప్పం నోట్లో పెడితే అంటుకుపోయి దగ్గు వచ్చేదట. "ప్రభువు నోట్లోంచి కింద పడిపోతే ఏటి సెయ్యను బాబూ? అందుకే రావడం మానేసినాను." ఆ తరువాత ఇంకో మాట అంది. ఆ ప్రసంగం రోజు నేను ఆవిడ వైపు చూశాను కదా, సంగతంతా నాకు తెలిసిపోయిందనీ, చుట్ట కాల్చే నోరు ప్రభువుకు తగదని నేను ఆవిడనే అంటున్నాననీ అనుకుందట. నేను ఆవిడ మనసు చదివాను, ఆవిడ నా మనసు చదివింది. ఇద్దరమూ తప్పే చదివాం.

శ్రీసభ ధర్మశాస్త్రం 925వ నిబంధన ప్రకారం, అవసరం ఉన్నవారికి అప్పం లేకుండా ప్రభువు రక్తాన్ని మాత్రమే ఇవ్వవచ్చు. ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. మొదటి ఆదివారమే అడిగి ఉంటే రెండో ఆదివారానికి ఆవిడకు సత్ప్రసాదం అందేది. పుండు కూడా ఆరు నెలల ముందే డాక్టరు చూసేవాడు. ఆసుపత్రిలో డాక్టరు మమ్మల్ని మొదట అడిగింది అదే, ఇన్నాళ్ళు ఏం చేశారని. ఆవిడ నా వైపు చూడలేదు. మంచిదయింది.

షిలో దేవాలయంలో యాజకుడు ఏలీ కూడా ఇలాగే చేశాడు. హన్నా పెదవులు కదులుతున్నాయి, మాట వినబడలేదు. తాగి వచ్చిందనుకుని గద్దించాడు. ఆమె బిడ్డ కోసం ఏడుస్తూ ప్రార్థిస్తోంది. అయితే ఏలీ నాకంటే నయం. తన అనుమానాన్ని ఆమె ముఖం మీదే అన్నాడు కాబట్టి, ఆమె బదులు చెప్పగలిగింది, ఆయన వెంటనే తనను దిద్దుకుని దీవించి పంపాడు. నేను లోపలే దాచుకుని ఆరు నెలలు పెంచాను. ఆధారం లేకుండా పొరుగువాడి తప్పును లోలోపల నమ్మడం కూడా ఎనిమిదవ ఆజ్ఞకు విరుద్ధమని 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం చెబుతుంది. బయటకు ఒక్క మాట అనకపోయినా సరే.

మరి మన ప్రభువు? ధర్మశాస్త్ర బోధకులు లోలోపల ఏమనుకుంటున్నారో ఆయనకు తెలుసునని మార్కు సువిశేషంలో ఉంది. అయినా యెరికోలో గుడ్డి బర్తిమయి కేకలు వేస్తూ వస్తే, తాను ఏమి చేయాలని కోరుతున్నాడో ఆయన అతన్నే అడిగాడు. గుడ్డివాడు ఏమి కోరతాడో ఊరంతటికీ తెలుసు. హృదయాలు తెలిసిన ఆయనే అడిగితే, మనం అడగకుండా ఎలా తేల్చేస్తున్నాం?

మీ ఇళ్ళలోకి చూసుకోండి. కోడలు ఉదయం నుంచి మాట్లాడలేదు. అత్తగారికి కారణం ఇట్టే తెలిసిపోతుంది, పొయ్యి దగ్గర గిన్నెల చప్పుడు కూడా సాక్ష్యమవుతుంది. హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోనులో సందేశం చదివి జవాబు ఇవ్వలేదు. పెళ్ళాం మాట వింటున్నాడని తండ్రి తేల్చేస్తాడు. వాడు ఉద్యోగం పోయి, చెప్పుకోలేక ఉన్నాడేమో. పునీత లొయోలా ఇగ్నేషియస్ వారు 1548లో అచ్చయిన తమ ఆధ్యాత్మిక సాధనల మొదట్లోనే ఒక నియమం పెట్టారు. పొరుగువాని మాటకు మంచి అర్థం తీసుకోవడానికే ముందు ప్రయత్నించాలి. అలా కుదరకపోతే, ఏ అర్థంతో అన్నాడో అతన్నే అడగాలి. తప్పని తేలితే ప్రేమతో సరిదిద్దాలి. మంచిగా తలిస్తే మోసపోమా అంటారు. మోసపోతాం. మంచివాణ్ణి ఒక్కసారి చెడ్డవాడనుకోవడం కంటే, చెడ్డవాణ్ణి మంచివాడనుకుని పలుమార్లు మోసపోవడమే మేలని అక్వినాసు వారి అభిప్రాయం. అప్పుల విషయంలో దీన్ని ఎంతవరకు పాటించాలో మీరే చూసుకోండి, అది వేరే వారం మాట్లాడుకుందాం.

తరువాతి ఆదివారం ఆవిడ వరుసలో అందరికంటే చివర నిలబడింది. పానపాత్ర నుంచి చిన్న చెంచాతో ఇచ్చాను. ఆవిడ ముఖం చిట్లించి, కళ్ళు గట్టిగా మూసుకుంది. ఎందుకో నాకు తెలిసినట్టే అనిపించింది. అయినా పూజ అయ్యాక వెళ్ళి అడిగాను.

"మంటెట్టింది బాబూ," అంది, కొంగు నోటి మీంచి తీసి. "వొచ్చే వారం ఇంకొంచెం తక్కువ ఇయ్యండి."