కంచె మొదలు పలచబడనీయకుడి



యెషయా గ్రంథము 5వ అధ్యాయములో దేవుడు తన ద్రాక్షతోటను గూర్చి పలికిన మాటలు మనము ఎరుగుదుము. ఆ తోట కారుద్రాక్షలు కాయగా, దాని కంచెను తీసివేయుదునని యజమానుడు చెప్పెను. కంచె పోయిన తోటకు ఏ గతి పట్టునో రైతుబిడ్డలమైన మనకు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ నెల ఆ కంచెను గూర్చియే ధ్యానించుదము.

మన పల్లెలలో పెరటికి గోరింట కంచె వేయుట వాడుక. గోరింట పరిశుద్ధ గ్రంథమునకు క్రొత్తది కాదు. పరమగీతము మొదటి అధ్యాయములో, ఉప్పు సముద్రపు ఒడ్డుననున్న ఏన్గెదీ ద్రాక్షావనములను చెప్పుచోట, మన తెలుగు బైబిలులో కర్పూరమని యున్నది. అక్కడి హెబ్రీ మాటకు అర్థము గోరింటయేనని పండితులు చెప్పుచున్నారు.

నెహెమ్యా యెరూషలేము ప్రాకారమును 52 దినములలో ముగించెను. మొక్కల కంచె అట్లు ముగియునది కాదు. తొలకరి వానలు పడగానే జానెడు కొమ్మలను అడుగెడముగా నాటుదుము. అవి మోకాలెత్తు ఎదిగినప్పుడు కొనలు త్రుంచవలెను. ఎదుగుచున్న మొక్కను కోయుటకు చేయి రాదు. అయినను త్రుంచనియెడల అది పొడుగు సాగును గాని గుబురు కాదు. తరువాత ఏటేట కత్తిరించునప్పుడు పైభాగము సన్నముగాను మొదలు వెడల్పుగాను ఉంచవలెను. పైభాగము గొడుగువలె విచ్చుకొన్నయెడల, దాని నీడకు క్రింది ఆకులు రాలిపోవును. దూరమునుండి చూచువారికి కంచె పచ్చగానే కనబడును. మేకపిల్లకు మాత్రము అసలు సంగతి తెలియును. అది పైనుండి దుమకదు, మొదటి సందున దూరును.

ప్రియులారా, మన సంఘములను ఈ కంచె ప్రక్కన నిలిపి చూచుకొందము. క్రిస్మసుకు రంగు దీపములు, మైకు, విందు, అన్నియు ఉన్నవి. పైన పచ్చదనమునకు కొదువ లేదు. అయితే ఆదివారపు బడికి వచ్చు పిల్లలెందరు? వారికి వాక్యము నేర్పువారెవరు? తండ్రి కూలికొరకు పట్టణమునకో గల్ఫు దేశములకో వెళ్లగా, అవ్వయొద్ద మిగిలిన బిడ్డతో రాత్రివేళ ప్రార్థించువారెవరు? పదునారేండ్ల పిల్లవాడు త్రాగుడు మరిగిన తరువాత మనము ఏడ్చుచున్నాము. ఆ త్రాగుడు దూరిన సందు నిన్న మొన్న పడినది కాదు. వాని ఎనిమిదవ ఏట, ఎవరును వానిని పలుకరింపని దినములలోనే పడినది.

కావున పైభాగమును కత్తిరించుటకు పెద్దలమైన మనము ఒప్పుకొనవలెను. పండుగ ఖర్చులో కొంత తగ్గించి పిల్లలకు బైబిళ్లు కొనవచ్చును. సన్మానములు, స్వాగత ప్రసంగములు కుదించి, ఆరాధనలో పిల్లలచేత వాక్యము చదివించవచ్చును. కత్తి పడినచోట నొప్పి యుండును. వెలుగు క్రిందికి దిగుటకు మాత్రము వేరే మార్గము లేదు.

ఇప్పటికే సందు పడినచోట ఏమి చేయుదుము? పాత కంచె నడుమ విడి కొమ్మ గుచ్చిన అది బ్రదుకుట కష్టము, పాత వేళ్లు నీటిని లాగుకొనును. అందుచేత ప్రక్క మొక్కనుండి లేత కొమ్మను సందులోనికి వంచి, నడుమ మట్టి కప్పి, పైన రాయి పెట్టుదురు. అది తల్లి మొక్కను విడువకయే వేళ్లు తన్నును. దూరపు మొక్క ఎంత ఏపుగానున్నను ఈ పని చేయలేదు. ప్రక్కనున్నదే వంగవలెను.

యెహెజ్కేలు 22వ అధ్యాయములో, బద్దలైన సందులో నిలువదగినవానిని దేవుడు వెదకెను, ఒక్కడైనను కనబడలేదు. మీ ప్రక్కయింటి బిడ్డకు ఆ సందులో నిలువవలసినవారు మీరే. కాపరి వారమున కొకసారి వచ్చును, మీరు ప్రతి సాయంకాలము అక్కడనే యుందురు. ఆ యింటితో పాత తగవు ఉన్నయెడల మొదట వంగవలసినది కూడ మీరే. ఈ రాత్రియే ఆ బిడ్డను పిలిచి, మీ బిడ్డల ప్రక్కన కూర్చుండబెట్టుకొని, కుటుంబ ప్రార్థన చేయుడి. బువ్వ ఉన్న ఒక ముద్ద పెట్టుడి.

తోట యజమానుడు మన చిన్నవారి చుట్టు కంచెను దట్టముగా నిలుపును గాక. ఆమేన్.