పచ్చగన్నేరు, పిట్టగోడ



హోసూరు వైపునున్న మా సంఘ ఆవరణలో ప్రహరీ వెంబడి పన్నెండు పచ్చగన్నేరు చెట్లు ఉండెడివి. ఒక వృద్ధ సహోదరుడు ప్రభువునందు నిద్రించగా ఆయన కుమారులు తండ్రి జ్ఞాపకార్థము వాటిని నాటించిరి. ఆ మొక్కే నాటుడని సలహా ఇచ్చినవాడను నేను. వేరూనిన తరువాత నీళ్లు పోయనక్కరలేదు, ఏడాది పొడుగునా పసుపు పూలు పూయును, అన్నిటికంటె ముఖ్యముగా మేకలు ముట్టవు. అవి ఎందుకు ముట్టవో ఆ దినమున నేను ఆలోచించలేదు. ముప్పది ఏండ్లు పిల్లలకు ప్రకృతి పాఠములు చెప్పినవాడనే!

పచ్చగన్నేరు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములనుండి వచ్చినది. ఆకు, బెరడు, పాలు, అన్నియు విషమే. గింజలో మరీ ఎక్కువ. అది గుండె కొట్టుకొను లయను చెరుపును. ఎండినంత మాత్రమున ఆ విషము పోదు. (హైవేల నడుమ నాటు గులాబిరంగు గన్నేరు గుణమును ఇదే. అక్కడ పిల్లలు ఆడుకొనరు గనుక ఆ సంగతి వేరు.)

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సండే స్కూలు పాప ఒకతె రాలిన కాయను నోటిలో పెట్టుకొనబోయెను. తల్లి చూచి చేతిమీద కొట్టి పడగొట్టినది. కమిటీ కూడెను. కొట్టివేయుదమని కొందరనిరి. ఇన్నేండ్లలో ఎవరికి ఏమైనదని కొందరు. కుమారులు మాత్రము, "అది నాన్నగారి గుర్తు" అని తలవంచుకొనిరి. ప్రేమతో ఇచ్చినదానిని పెరికివేయుట కృతఘ్నత కాదా? ఈ ప్రశ్న చిన్నది కాదు.

అయితే మంచి మనస్సుతో నాటితిమనుట చాలునా? లాంటానాను పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభములో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు అందము కొరకే తెచ్చిరి. తెచ్చినవారిలో దుర్బుద్ధి లేదు. నేడు బండీపూర్, నాగరహొళె అడవులలో ఆ పొదలు అల్లుకొన్నచోట పశువులు మేయు గడ్డి ఎదుగుట లేదు.

ద్వితీయోపదేశకాండము 22:8లో క్రొత్త యిల్లు కట్టువానికి, ఎవడైన పైనుండి పడకుండునట్లు పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ యున్నది. కట్టినవాని ఉద్దేశము మంచిదా కాదా అని అక్కడ అడుగలేదు. నేను ఈ వాక్యము ఎత్తగా ఒక యౌవనస్థుడు, "ఇల్లు కూల్చుమనలేదు గదా అయ్యగారూ, చెట్ల చుట్టు కంచె వేయుదము" అనెను. తెలివైన మాటే. కాని మిద్దె దిగి పిల్లల యొద్దకు రాదు. కాయ రాలి, దొర్లి వారి కాళ్లయొద్దకే వచ్చును.

నిజము చెప్పవలెనంటే నన్ను ఆపినది తర్కము కాదు. ఆ సలహా నాదని ఎవరికిని జ్ఞాపకము లేదు. రెండు సమావేశములు నేను ఆ సంగతి చెప్పక కూర్చుంటిని. తప్పంతయు ఇచ్చినవారిదైనట్లు మాటలు నడిచినవి. మూడవసారి లేచి, "మొక్కను ఎంచినవాడను నేను, వారు కాదు" అంటిని. పెద్ద కుమారుడు చాలసేపు మాటాడలేదు. తరువాత, "అయితే మేమే కొట్టెదము" అనెను.

శనివారము అన్నదమ్ములిద్దరు చేతులకు గుడ్డలు చుట్టుకొని కొట్టిరి. పొగయు మంచిది కాదని తగులబెట్టక గొయ్యి తీసి పూడ్చితిమి. ఆ స్థలములో మందార నాటిరి. మొదటి వారములోనే రెండు మొక్కలు మేకలు తినివేసినవి. ఇప్పుడు ముళ్లకంచె వేయించితిమి; నీళ్లు పోయు వంతు ఈ నెల నాది.