సూర్యకాంతమ్మగారును మన జ్ఞాపకమును

వేలూరులోగాని గుడియాత్తములోగాని మన తెలుగు కుటుంబములు నాలుగు ఒకచోట చేరినప్పుడు, అది పెండ్లి పందిరియైనను సరే, వైగాసి నెలలో గంగమ్మ శిరస్సు ఉత్సవమునకు వచ్చిన బంధువుల సందడియైనను సరే, భోజనములైన పిమ్మట సంభాషణ పాత చిత్రములమీదికి మరలుట పాఠకులకు తెలియనిది కాదు. అచ్చట జరుగునది ఒక విధమైన పరీక్ష. పరీక్షాధికారి సాధారణముగ ఇంటి పెద్దత్తయో మేనమామయో అయియుండును. “మాయాబజారులో హిడింబి ఎవరు?” అని మొదటి ప్రశ్న. దానికి జవాబు చెప్పలేనివారుండరు. “అయితే కొడుకు ఘటోత్కచుడికీ తల్లి హిడింబికీ వయసులో తేడా ఎంత?” అని రెండవది. ఘటోత్కచ పాత్రధారి ఎస్.వి. రంగారావుగారు 1918లో జన్మించినవారు. హిడింబి పాత్ర ధరించిన సూర్యకాంతమ్మగారు 1924లో, కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురములో జన్మించినవారు. అనగా 1957 నాటి ఆ చిత్రములో కొడుకు తల్లికంటె ఆరేండ్లు పెద్దవాడు! ఈ సంగతి ముందే తెలిసినవారు కూడ ప్రతిసారి క్రొత్తగా విన్నట్లే నవ్వుదురు.

ఇట్టి చిల్లర సంగతులను ప్రోగుచేసికొని పంచుకొనుటలో విలువ యేమైన కలదా? విద్యావంతులు కొందరు దీనిని ఉత్త కాలక్షేపమని త్రోసివేయుదురు. నేనట్లు తలపను. ఒక మనిషినిగూర్చి పదిమంది ఏమి గుర్తుంచుకొందురు, ఏమి విడిచిపెట్టుదురు అనునది ఆ మనిషికి జరుగు న్యాయాన్యాయముల ప్రశ్న. సూర్యకాంతమ్మగారు 1994 డిసెంబరులో కన్నుమూసిరి. ఇక వారు వచ్చి మన మాటను సరిదిద్దలేరు.

మన ప్రాంతమున ఈ ప్రశ్నకు మరియొక బరువు కలదు. 1911 వరకు చిత్తూరు, వేలూరు, గుడియాత్తము ఒకే ఉత్తరార్కాటు జిల్లాలోనివి. జిల్లా కచ్చేరి చిత్తూరులోనే యుండెడిది. గీత మారినది గాని ఇంటిభాష మారలేదు. లిపి మాత్రము చేజారుచున్నది. 2006 నాటి చట్టముతో పాఠశాలలలో తమిళము దశలవారీగ తప్పనిసరి పాఠ్యాంశమైనది. తమిళము నేర్చుట మనకు మేలే. ఈ నేలమీద బ్రతుకువారికి అది అవసరము కూడ. కాని తెలుగు మాటాడుచు తెలుగు చదువలేని పిల్లలు మన యిండ్లలో పెక్కుమంది యున్నారు. వారికి తెలుగు చెవిద్వారా వచ్చు విద్య. 1995లో ఈటీవీ, జెమిని ఛానళ్లు ఆరంభమైన పిదప టెలివిజనులో వచ్చు పాత చిత్రములే వారికి వాచకములైనవి. ఆ వాచకములో ఒక్క అక్షరమును మ్రింగక పలికిన కంఠములలో సూర్యకాంతమ్మగారిది ముఖ్యమైనది. మగ్గముల చప్పుడుమీద కూడ స్పష్టముగ వినబడు తెలుగు అది. మన మనుమలకు సామెత, దెప్పు, ఎత్తిపొడుపు అనునవి ఎట్లుండునో తెలిసినదన్న, అందులో ఆమె వాటా కొంత కలదు.

అట్టి ఆమె పేరుతోనే ఒక అపచారమును చేయుచున్నాము. ఇంట కొంచెము గట్టిగ మాటాడిన స్త్రీని “అదొక సూర్యకాంతం” అని తేల్చివేయుదురు. “ఆమె దెబ్బకు ఆడపిల్లకు ఆ పేరు పెట్టేవాళ్లే లేకపోయారు” అనునది అభిమానులు గర్వముగ చెప్పు మొదటి విశేషము. ఎవరు లెక్కించిరని అడుగరాదు. అది పొగడ్తగ పుట్టిన మాట. నటనకు అంతకుమించిన యోగ్యతాపత్రము లేదని వారి భావము. కాని ఆ పొగడ్తకు వెల చెల్లించునది ఎవరు? సూర్యకాంతమనగా సూర్యకిరణము సోకినంతనే నిప్పు పుట్టించు మణి. కావ్యములలో గౌరవముగల మాట. ఆ పేరు పెట్టిన తల్లిదండ్రులు మణిని తలచిరి. లోకము నిప్పును మాత్రము ఉంచుకొన్నది. ఇక ఆ పేరును తిట్టుగ మోయు ఇంటి స్త్రీ సంగతి చూడుడు. మగ్గపు కూలి లెక్క అడిగిన కోడలైనను, తన నగల లెక్క అడిగిన అత్తయైనను, లెక్కకు జవాబు చెప్పుటకంటె ఆమెకొక పేరు తగిలించి నోరు మూయించుట సులువు. నలుగురు నవ్వుదురు. లెక్క అడుగంటిపోవును.

నటునికిని పాత్రకును గల సంబంధమునుగూర్చి మన ప్రాచీనులు చాల లోతుగ యోచించిరి. శంకుకుడను ఆలంకారికుని మతమును అభినవగుప్తుడు అభినవభారతిలో ప్రస్తావించెను. గోడమీది గుర్రపు బొమ్మను చూచి మనము “ఇది గుర్రము” అందుము. నిజమగు గుర్రమని నమ్మి గడ్డి వేయము. గుర్రము కాదని త్రోసిపుచ్చము. అవునా కాదా యని సందేహింపము. గుర్రమువంటి మరియొక వస్తువని పోల్చి ఊరకుండము. ఈ నాలుగింటికిని వేరైన ఒక యెరుక అది. రంగస్థలమున రాముని వేషధారిని చూచునప్పుడు ప్రేక్షకుని యెరుక అట్టిదేయని అతని వాదము. దీనికి చిత్రతురగ న్యాయమని పేరు. తరువాతివారు అతనిని ఖండించిరి. ఆ ఖండనముతో మనకిప్పుడు పనిలేదు.

చిక్కేమనగా ఈ యెరుకను మనము అందరియెడల సమముగ పాటింపము. అదే మాయాబజారులో శ్రీకృష్ణుడుగ కనుపించిన ఎన్.టి. రామారావుగారి బొమ్మను క్యాలెండరుకెక్కించి దండము పెట్టితిమి. గయ్యాళిగ కనుపించిన ఆమె పేరును ఉయ్యాలదగ్గరకు రానీయలేదని చెప్పుకొనుచున్నాము. రెండును బొమ్మ గుర్రమునకు గడ్డి వేయుటయే. కాని మొదటి పొరపాటు నటునికి కలిసివచ్చినది. 1983లో ఆయన ముఖ్యమంత్రి పదవికి నడచిన దారిలో ఆ కిరీటపు కాంతి కొంత పడినదనుట అతిశయోక్తి కాదు. రెండవ పొరపాటువలన నటికి దక్కినది ఒక తిట్టు. హిడింబి గయ్యాళి కానేకాదు, కొడుకుమీద ప్రాణము పెట్టుకొన్న తల్లి. ఆ సంగతి కూడ ఆ తిట్టు క్రింద మరుగుపడినది.

చిల్లర సంగతుల అసలు ఉపయోగము నాకిచ్చట కనబడుచున్నది. ఆరేండ్ల తేడా తెలిసి నవ్విన ఆ క్షణమున, తల్లి వేరు, నటి వేరు అని వద్దన్నను స్ఫురించును. గోడమీదిది బొమ్మయే యని గుర్తుకు వచ్చును. బొమ్మ అందము దానివలన తగ్గదు. గీసిన చేయి అదనముగ కనబడును.

ఇది మన దేశమునకే చెందిన సంగతి కాదు. అమెరికాలో 1951లో ఆరంభమైన ‘ఐ లవ్ లూసీ’ యను టెలివిజను ధారావాహికలో లూసిల్ బాల్ వారమువారము ఏదో ఒక చిక్కు కొనితెచ్చుకొను అమాయకపు గృహిణిగ నటించి దేశమునంతటిని నవ్వించెను. ఆమె అభిమానులు తప్పక చెప్పుకొను సంగతులు రెండు. 1953 జనవరి 19న ఆమెకు కుమారుడు కలిగిన నాడే తెరమీది లూసీకిని కుమారుడు కలిగెను. ఇది ముచ్చట. 1962లో ఆమె మాజీ భర్త వాటాను కొని డెసిలూ స్టూడియోకు అధినేత్రియయ్యెను. ఇది వేషము విప్పి మనిషిని చూపు సంగతి. లెక్కలు తెలియని ఇల్లాలిగ నటించునామె ఆ లెక్కలన్నిటికి యజమానురాలని తెలిసిన పిమ్మట, ఆ అమాయకత్వము వెనుకనున్న తెలివిని చూడకుండ ఉండలేము.

సూర్యకాంతమ్మగారి విషయమున మనవారు చెప్పు ఎదురు కథయు ఒకటి కలదు. షూటింగునకు ఇంటినుండి వంటకములు చేసి తెచ్చి తోటివారికి కొసరి కొసరి పెట్టెడివారని. తోటి నటులు చెప్పుకొన్న మాటయే కనుక కాదనవలసిన పనిలేదు. నాకు మింగుడుపడనిది అది చెప్పు తీరు. “పైకి గయ్యాళి గాని, మనసు వెన్న” అని ముగింతురు. ఆమె ఏదో నేరము చేసినట్లును, పులిహోర పెట్టి క్షమాపణ పొందినట్లును ఉండును ఆ ధోరణి. రాజనాలగారు ఎన్ని చిత్రములలో ఎందరిని చెరపట్టినను, ఆయన ఇంటినుండి ఏమి వండి తెచ్చెనని ఎవరైన అడిగిరా? ఆయనకు నటన చాలినది. ఆమెకు నటనతోపాటు మంచితనపు సాక్ష్యము కూడ కావలసివచ్చినది.

కావున ఆమెకు న్యాయము చేయు సంగతులు ఆమె పనికి సంబంధించినవి. ఎడమచేతి వాటమును చూడుడు. మనవారిలో ఎడమచేయి చూపి మాటాడుట అమర్యాద. ఆ అమర్యాదనే ఆమె పాత్రకు ఆయుధము చేసిరి. ఎడమచేయి గాలిలో ఒక త్రిప్పు త్రిప్పినంతనే ఎదుటివాడు సగము ఓడిపోవును. 1950 నాటి ‘సంసారము’తో స్థిరపడిన ఆ గయ్యాళి పాత్రను ‘తోడికోడళ్లు’ (1957), ‘మాంగల్యబలం’ (1959) చిత్రములమీదుగ ‘గుండమ్మకథ’ (1962) వరకు, ఆపైనను, ప్రేక్షకులకు విసుగు కలుగకుండ నడిపించుట సామాన్యమైన పని కాదు. ఇద్దరు అగ్రనాయకులును ఇద్దరు అగ్రనాయికలును ఉన్న చిత్రమునకు ఆమె పాత్ర పేరు పెట్టిరనునది అభిమానులు ఎంత చెప్పినను తనియని సంగతి. అది చెప్పదగినదే.

దానితోపాటు చెప్పదగిన మరియొకటి కలదు. గుండమ్మ వితంతువు. ఆస్తి కలదు, మగదిక్కు లేదు. సవతి కూతురును పనిమనిషిగ వాడుకొన్నది. అది క్రౌర్యమే, దానిని నేను వెనుకవేసికొని రాను. కాని అట్టి యింట గొంతు తగ్గించిన స్త్రీకి ఆస్తి ఎన్నాళ్లు నిలుచునో మన వీధులలోని పెద్ద ముత్తవ్వలను అడిగిన చెప్పుదురు. చివర ఛాయాదేవిగారు ధరించిన దుర్గ చేతిలో ఆమె స్వంత యింటనే దిక్కులేనిదగుట చూచి, అంతవరకు నవ్విన ప్రేక్షకుడు నవ్వు దిగమ్రింగును. “సూర్యకాంతం” అని తిట్టువారికి చిత్రములోని ఈ భాగము ఎన్నడును జ్ఞాపకము రాదు.

ఇక సంగతులకు రంగు పూయువారినిగూర్చి ఒక మాట. మన తమిళ పొరుగువారికి మనోరమగారన్న ప్రాణము. మనకును ఆప్తురాలే, 2009లో ‘అరుంధతి’ చిత్రమున చంద్రమ్మగ కనుపించిరి గదా. 2015లో వారు మరణించిననాడు వేలూరులో ఏ భాషవారింటనైనను ఒకే మాట. ఆమె చిత్రముల సంఖ్యను వేయి యని ఒకరు, పన్నెండు వందలని ఒకరు, పదునైదు వందలని మరొకరు చెప్పుదురు. ఒక్కొక్క నోట ఒక్కొక్క వంద పెరుగును. వేయి చిత్రములే అద్భుతము కాగా పైనెందుకు ఈ కొసరు? అయిదుగురు ముఖ్యమంత్రులతో నటించెనను మాట మరింత ప్రసిద్ధము: అణ్ణాదురై, కరుణానిధి, ఎం.జి.ఆర్., జయలలిత, ఎన్.టి.ఆర్. విన సొంపుగనే యున్నది. కాని ఆలోచింపగా అందులో గౌరవము పోవునది పదవులవైపు. ఆమె ప్రక్కన నిలిచియున్న మనిషి మాత్రమే. 1968లో ‘తిల్లానా మోహనాంబాళ్’లో జిల్ జిల్ రమామణిగ, శివాజీ గణేశన్, పద్మినిగార్ల యెదుట ఆమె వెలిగిన తీరును చెప్పిన, అది ఆమెది. ఒక సంగతిని నలుగురిలో చెప్పబోవుముందు, ఆ కళాకారిణి మన ప్రక్క పీటమీద కూర్చుండి వినుచున్నదని తలచి చూడవలెను. పదునైదు వందలనిన ఆమె నవ్వి ఊరకుండునేమో. “మీ పేరు ఎవరూ పెట్టుకోవడం లేదండీ” అని సూర్యకాంతమ్మగారి మొగము చూచి చెప్పుటకు మనలో ఎందరికి నోరు వచ్చును?

ఆ పరీక్షలో గడుసు ప్రశ్న ఇంకొకటి యున్నది. గుండమ్మ యను పేరు ఎచ్చటిది? తెలుగువారిలో అరుదైన ఆ పేరు 1958లో విఠలాచార్యగారు తీసిన ‘మనె తుంబిద హెణ్ణు’ అను కన్నడ చిత్రమునుండి వచ్చినది. 1962లోనే విజయావారు ఆ కథను చక్రపాణిగారి దర్శకత్వమున ‘మనిదన్ మారవిల్లై’ యని తమిళమున తీసిరి. నాగేశ్వరరావు, రంగారావు, సావిత్రి, జమునగార్లు అందులోను ఉన్నారు. రామారావుగారి స్థానమున జెమిని గణేశన్‌గారును, సూర్యకాంతమ్మగారి స్థానమున ఎం.ఎస్. సుందరీబాయిగారును నటించిరి. కాబట్టి గుడియాత్తములో ఒకే వీధిలో ఎదురెదురు అరుగులమీద కూర్చున్న తెలుగు అవ్వకును తమిళ పాట్టికిని ఆ గయ్యాళి ముఖము ఒకటి కాదు. ఎవరు బాగుగ తిట్టిరని వారిరువురికి వాదము పుట్టినచో, రెండు చిత్రములను ప్రక్కప్రక్కన వేసి చూచినగాని తీరదు.