సంశయము గలవారికి నిత్యధ్యానము



మనలోఁ బెక్కుండ్ర యిండ్లలో పెద్దల కాలమున ప్రాతఃకాలము సంధ్యావందనమున కనియు, పూజ కనియు వేఱుగా నుండెను. అర్థము తెలియని మంత్రములను నోటితో వల్లించుట వ్యర్థమని తలఁచి మనవా రా కర్మమును విడిచిరి. అది తప్పని మేము చెప్పము. కాని విడిచిన ఘడియలో మఱేమి నిలిచినది? కాఫీయు, వార్తాపత్రికయు, చేతిలోని ఫోనును ఆ చోటు నాక్రమించుకొన్నవి. పొట్టును చెఱుగఁబోయి గింజను సయితము పాఱఁబోసికొనుట సంస్కారము కాదు.

ధ్యానము చేయుఁడనఁగానే విద్యావంతులు చెప్పు ప్రత్యుత్తర మొకటి గలదు: "మాకు విశ్వాసము కుదురలేదు, విశ్వాసము లేక కన్నులు మూసికొని కూర్చుండుట కపటము గాదా?" ఇది నిజాయితీ గల ప్రశ్న, దీనిని కసరి త్రోసివేయఁగూడదు. గీత యాఱవ యధ్యాయమున, మనస్సు గాలివలెఁ బట్టరానిదని యర్జునుఁడు మొఱపెట్టుకొన్నప్పుడు శ్రీకృష్ణుఁ డాతనిని నిందింపలేదు. కష్టమే యని యొప్పుకొని, అభ్యాసమును వైరాగ్యమును ఉపాయములుగాఁ జూపెను.

సంశయమును ధ్యానమును ఒక్క హృదయమున నుండఁగలవా యనువారు దేవేంద్రనాథ ఠాకూరుగారి చరిత్రమును జూడవలెను. 1843వ సంవత్సరము డిసెంబరు 21వ తేదిని ఆయన యిరువదిమంది సహచరులతోఁ గూడ బ్రాహ్మధర్మ దీక్షను గైకొని నిత్యోపాసనమునకుఁ గట్టువడెను. వేదములు దోషరహితములా యను ప్రశ్న పుట్టఁగా, నలుగురు విద్యార్థులను కాశికిఁ బంపి యధ్యయనము చేయించెను. విచారించి, తుదకు వేదము దోషరహిత ప్రమాణమను మతమును విడిచెను. ఆ ప్రామాణ్యము పోయినను ఆయన యుపాసనము పోలేదు. పరీక్షించు బుద్ధి ధ్యానమునకు శత్రువు కాదు, సోమరితనమే శత్రువు.

మొదటఁ జేయవలసిన దేమి? లేచి ముఖము కడుగుకొనిన వెంటనే, కాఫీ త్రాగుటకు ముందు, ప్రతిదినము నొక్క చోటనే యైదు నిమిషములు కూర్చుండుఁడు. పీఁటయైనను సరే, కుర్చీయైనను సరే. వెన్ను నిటారుగా నుండిన చాలును. మీరు నమ్మని మాట నొక్కటియు నుచ్చరింపకుఁడు. ఊపిరి వచ్చుటను, పోవుటను గమనింపుఁడు. కచేరి పనియో, అప్పుల లెక్కయో తలఁపునకు వచ్చును. వచ్చినదని యెఱిఁగి మరల నూపిరి కడకు రండు. మనస్సు నూఱుమాఱులు పాఱిపోయిన, నూఱుమాఱులు మరలించుటయే యభ్యాసము. లేచుటకు ముందు, ఈ దినమున నెవరియెడల న్యాయముగా నడువవలసియున్నదని మిమ్మును మీరే యడుగుకొనుఁడు.

ఎన్నాళ్ల కలవడునని యడిగెదరేమో. లండను యూనివర్సిటీ కాలేజీవారు 2010లోఁ బ్రకటించిన పరిశోధనమున 96 మంది క్రొత్త యలవాట్లను సాధింపఁ బూనఁగా, అవి కుదురుటకు సుమారు 66 దినములు పట్టినవి. మనుష్యునిబట్టి యా గడువు 18 మొదలు 254 దినములవఱకు నుండునని యంచనా వేసిరి. ఒక్కనాఁడు తప్పినంతమాత్రమున అభ్యాసము చెడలేదు. ఇఁక ఫలము మాట. 2014లో 47 పరీక్షలను సమీక్షించిన అమెరికా పండితులు, ధ్యానమువలన ఆందోళనమును విషాదమును కొంతమట్టుకు తగ్గునని కనుఁగొనిరి. ఔషధములకంటెను వ్యాయామముకంటెను మిన్న యనుటకు మాత్రము రుజువు దొరకలేదు. కాఁబట్టి దీనిని సర్వరోగనివారిణి యని నమ్మవలదు. మనోవ్యాధిచేఁ బీడింపఁబడువారు వైద్యుని విడిచి దీని నాశ్రయింపరాదు.

రెండు మాసములు గడచిన పిమ్మటఁ బరీక్షించుకొనుఁడు. కన్నులు మూసినప్పుడు వెలుఁగులు కనఁబడినవా యని కాదు. పనిమనిషి చేతిలోని గిన్నె జాఱిపడినప్పుడు మన నోట వచ్చు మాట మెత్తఁబడినదా? బాకీదారుఁడు గడువడిగినప్పుడు వాని కష్టమును వినఁగలుగుచున్నామా? ఇంటిలోనివారు చెప్పు మాటను తుదివఱకు విని బదులు చెప్పుచున్నామా? వీనికి సాక్షులు మనము కాము, మన యింటివారే. సభలలో సమానత్వమును గూర్చి యుపన్యసించి, యింటఁ బనివారిని గసరువాని సంస్కారము పెదవులు దాఁటలేదు. ఆ పెదవులను దాఁటించుటకే యీ యైదు నిమిషముల మౌనము.

సత్యమును వెదకువాని మౌనము సయితము ప్రార్థనమే యని మా విశ్వాసము. సత్యస్వరూపుఁడగు పరమేశ్వరుఁడు మన సంశయములను సత్యము వైపునకే నడుపుఁగాక!